గుర్తుల గూడు



చాలా కాలానికి మళ్ళీ వ్రాస్తున్నాను. ఈ ఆలస్యానికి బద్ధకం కారణం కాదు. కొన్ని నెలలపాటు నా చేతిలో కలంకన్న ఉలి ఎక్కువసేపు ఉన్నది. ముప్పయి అయిదేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి 2018లో విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. సుద్దముక్క తప్ప మరొక పనిముట్టు ఎరుగని ఈ చేతులు ఇన్నాళ్ళకు ఒక కొయ్యపెట్టెను తయారుచేశాయి. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, తొమ్మిది అంగుళాల లోతు, పన్నెండు గదులు, ముందు ప్రక్కకు జరిపే రెండు అద్దాలు. దానిలో మా ఇంటి గుర్తులు కొన్ని పెట్టుకున్నాను. చూసినవారందరూ "షోకేసు బాగుందండీ" అంటున్నారు. ఆ మాట దగ్గరే నాకు మొదటి అభ్యంతరం.

చూపడానికి చేసినది షోకేసు. నేను చేసినది చూపడానికి కాదు. పోనీ, దాచడానికి చేసిన వాటికి మన భాషలో పేర్లు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. భోషాణం ఉంది, కావడిపెట్టె ఉంది, సందుగ ఉంది, భరిణె ఉంది. పోర్చుగీసువారి మాటనుంచి అలమార, ఫ్రెంచివారి మాటనుంచి బీరువా వచ్చి మన ఇళ్ళలో స్థిరపడ్డాయి. వాటితోనూ నాకు పేచీ లేదు. కానీ ఇవన్నీ మూత వేసి తాళం పెట్టేవి. కంటికి కనబడుతూనే భద్రంగా ఉండే చోటును మన పెద్దలు గూడు అన్నారు. గోడలో దీపం పెట్టుకునే గూడు, చెట్టుమీద పిట్ట కట్టుకునే గూడు. రెండింటిలోనూ ఉన్నది వెచ్చదనమే. కనుక దీనిని నేను గుర్తుల గూడు అంటున్నాను. ఇంతకన్న మంచి మాట మీకెవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

నేను చెప్పదలచినది మొదటే చెప్పేస్తాను. గుర్తులు పెట్టుకునే గూడును కొనుక్కోవడంకన్న చేసుకోవడం మేలు. అంతకన్న ముఖ్యం, దానిలో పెట్టే ప్రతి వస్తువుకూ అది ఎవరిదో, ఎందుకు దాచామో ఒక చీటీ వ్రాసి పెట్టడం. చీటీ లేని గుర్తు ఒక తరంలో అలంకారమవుతుంది, రెండో తరంలో పాతసామానవుతుంది. ఈ సంగతి నాకు ఎవరో చెబితే తెలియలేదు, పోగొట్టుకున్నాక తెలిసింది.

మాది కృష్ణా జిల్లా దివిసీమ. మా నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు 2019లో పడగొట్టవలసి వచ్చింది. గోడలు ఉప్పురిసి, వాసాలు చెదపట్టి, ఇక బాగుచేయించే అదను దాటిపోయింది. పాతకలప కొనే వ్యాపారి వచ్చి అన్నిటికీ కలిపి ఒక ధర చెప్పాడు. నేను వీధి తలుపులు రెండూ ఇవ్వనన్నాను. ఎందుకు ఇవ్వనన్నానో నాకే తెలియదు. పట్నంలో రెండు గదుల అద్దె వాటాలో ఆరడుగుల తలుపులు ఏంచేసుకుంటారని అందరూ నవ్వారు. నవ్వనిది మా ఆవిడ ఒక్కతే. "ఉండనివ్వండి, ఏదో ఒకటి అవుతాయి" అన్నది. 2021లో ఆమె వెళ్ళిపోయింది. తలుపులు మాత్రం గోడకు చేరగిలబడి అలాగే ఉండిపోయాయి.

వాటితో గూడు చేయాలన్న ఆలోచన రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. చేయడం ఎలాగో తెలియదు. అదృష్టవశాత్తూ నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ పట్నంలోనే వడ్రంగి పని చేస్తున్నాడు. బడిలో తెలుగు నాకు ఎంత వచ్చో అతనికి అంత రాలేదు. పనిలో సంగతి తారుమారైంది. మూడో రోజున చిత్రిక పడుతూ నేను చెమటలు క్రక్కుతుంటే అతను నవ్వి, "మాస్టారూ, మీరు నాకు ఛందస్సు చెప్పారు, నాకు రాలేదు. ఇప్పుడు నేను మీకు చిత్రిక చెబుతున్నాను, మీకూ రావడం లేదు. బాకీ తీరిపోయింది" అన్నాడు. ఇంత చక్కని మాట పరీక్షలో ఒక్కసారి వ్రాసినా నేను అతనికి మార్కులు వేసి ఉండేవాణ్ణి.

అతని దగ్గర నేర్చుకున్నవాటిలో కొన్ని మీకు పనికివస్తాయని వ్రాస్తున్నాను.

మొదటిది చేవ. ఈ మాటను మనం మనుషులకే వాడుతూ వాడుతూ అది చెట్టుదని మరచిపోయాం. మానును అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగులో గట్టిగా కనబడేది చేవ, దాని చుట్టూ పాలిపోయి ఉండేది తెల్లచెక్క. చెద మొదట తెల్లచెక్కనే పడుతుంది. టేకు చేవలో సహజంగా ఉండే నూనెగుణం దానికి కాపుదల. మా తలుపులు టేకు చేవ. అరవై ఏళ్ళ ఎండవానలు చూసినవి కనుక ఇక క్రొత్తగా ఎండవలసిన తడి వాటిలో లేదు. క్రొత్త కలపైతే అంగుళం మందానికి సుమారు ఒక ఏడాది నీడన ఆరబెట్టాలని వడ్రంగులు లెక్క చెబుతారు. పాత తలుపులో ఆ నిరీక్షణ మనకోసం ఎవరో ముందే చేసిపెట్టారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పాత చెక్కలో విరిగి దాగిన మేకులుంటాయి. అవి తీయకుండా రంపం పెడితే పళ్ళు పోతాయి. మేము రెండు రోజులు మేకులు పీకడంలోనే గడిపాం. ఆ తరువాతే కోతమిల్లుకు తీసుకువెళ్ళి నిలువునా చీల్పించాం.

రెండవది, చెక్క చచ్చిపోయిన వస్తువు కాదన్న సంగతి. వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ఈ కదలిక పోగు వెంబడి దాదాపు ఉండదు, పోగుకు అడ్డంగానే ఉంటుంది. అందుకే వెనుకపలకను చుట్టూ మేకులు కొట్టి, జిగురు పెట్టి బిగించకూడదు. చట్రానికి లోపలివైపు గాడి తీసి, పలకను అందులో వదులుగా దించి వదిలేయాలి. దానికి కదిలే చోటిస్తే నూరేళ్ళు ఉంటుంది, ఇవ్వకపోతే మొదటి వేసవిలోనే పగులుతుంది. ఇంటిలో పిల్లలను పెంచిన వారెవరికీ దీనిమీద వ్యాఖ్యానం అక్కరలేదు.

మూడవది అద్దాలు. తలుపుల్లా తెరుచుకునే అద్దాలకు మడతబందులు కావాలి, అవి క్రుంగుతాయి. ప్రక్కకు జరిపే అద్దాలకు గాడి చాలు. క్రింది గాడి పావు అంగుళం లోతు ఉంటే పై గాడి అర అంగుళం ఉండాలి. అద్దాన్ని పైకెత్తి పై గాడిలోకి దూర్చి, క్రింది గాడిలోకి దించితే కూర్చుంటుంది. తుడవడానికి తీయాలంటే మళ్ళీ పైకెత్తితే వస్తుంది. ఈ చిన్న ఉపాయం చూసి నేను చిన్నపిల్లవాడిలా సంతోషించాను. మీలో కొందరికిది ఎప్పుడో తెలిసి ఉంటుంది, నన్ను మన్నించండి.

పైపూత స్పిరిట్టులో కరిగించిన లక్క. అది పూసిన తరువాత నెలరోజులు గూడును అద్దాలు లేకుండా ఖాళీగా ఉంచాను. క్రొత్త జిగురు, క్రొత్త పూత వదిలే ఆవిరి మూసిన పెట్టెలో చిక్కుకుంటే లోహానికీ కాగితానికీ మంచిది కాదు. గోడకు ఆనించకుండా రెండంగుళాల ఎడం ఇచ్చాను. గోడవెంట వచ్చే చెమ్మకూ చెదకూ అది అడ్డుకట్ట.

ఇదంతా చేయించుకోవచ్చు కదా, ఈ వయస్సులో ఈ శ్రమ ఎందుకని మా అబ్బాయి మెల్‌బోర్న్‌నుంచి ఫోనులో మందలించాడు. డబ్బు తాను పంపిస్తానన్నాడు. వాడి ప్రేమను కాదనను. అయితే చేయించుకుని ఉంటే నాకు పెట్టె దొరికేదే కాని ఆ ఆరు నెలలు దొరికేవి కావు. ఒక్కొక్క గది కొలుస్తున్నప్పుడు అందులోకి ఏది వస్తుందో ఆలోచించక తప్పదు. కుంకుమభరిణెకు ఎంత ఎత్తు కావాలి, గంటానికి ఎంత పొడవు కావాలి అని కొలిచే వంకతో ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకున్నాను. కొన్ని వస్తువులను ముప్పయి ఏళ్ళ తరువాత ముట్టుకున్నాను. వస్తువును కొలవడమంటే దానిని తలచుకోవడమేనని నాకు అప్పుడు తెలిసింది.

గదులు పన్నెండే అని ముందే నిర్ణయించుకున్నాను. చెక్క ఇంకా మిగిలింది, ఇరవై చేయవచ్చు. చేయలేదు. పెట్టె పెద్దదైనకొద్దీ మన విచక్షణ చిన్నదవుతుంది. పిల్లలను విహారయాత్రకు హైదరాబాదు తీసుకువెళ్ళినప్పుడల్లా సాలార్‌జంగ్ మ్యూజియం చూపించేవాణ్ణి. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులే అక్కడ ఎక్కువ. ఆయన మరణించిన తరువాత 1951లో దానిని ప్రజలకోసం తెరిచారు. అంత సంపదలో మా పిల్లలు నిలబడి చూసేది ఒక్క గడియారాన్నే. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం. మిగిలిన గదుల్లో పరుగే. తప్పు పిల్లలది కాదు. కంటికి ఒక పరిమితి ఉంది, మనస్సుకు అంతకన్న చిన్న పరిమితి ఉంది.

పన్నెండు గదులనగానే ముందు బయటికి పోయినవి నా సన్మాన జ్ఞాపికలు. ప్లాస్టిక్కు పీఠంమీద బంగారురంగు రేకు అతికించినవి, ఉత్తమ ఉపాధ్యాయుడని అచ్చువేసినవి, మొత్తం తొమ్మిది ఉన్నాయి. వాటిలో మూడింటిమీద నా ఇంటిపేరు తప్పు పడింది. అవి ఇచ్చినవారి గౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ అవి నేను ఏదో అయినందుకు గుర్తులు, నాకు ఎవరో ఉన్నందుకు గుర్తులు కావు. వాటికి బదులు నా చివరి తరగతిలో మిగిలిన సుద్దముక్కను పెట్టాను. అంగుళంన్నర ఉంటుంది.

ఇక అసలు విషయం.

గుర్తు అనే మాటకు మన పాతమాట ఆనవాలు. రామాయణంలో హనుమంతుడు లంకలో సీతమ్మకు ఉంగరం చూపే ముందు ఏం చేశాడో జ్ఞాపకం చేసుకోండి. చెట్టుపైన కూర్చుని ముందు రామకథ చెప్పాడు. ఉంగరం ఆ తరువాత. ఆమె చూడామణి ఇచ్చినప్పుడూ అంతే. మణితోపాటు కాకాసురుని వృత్తాంతం చెప్పి పంపింది, అది తనకూ రామునికీ మాత్రమే తెలిసిన సంగతి. వస్తువు ఒక్కటే చాలదని, అది ఎవరి చేతికైనా దొరకవచ్చునని ఆమెకు తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణ కాళిదాసు శాకుంతలం. దుష్యంతుని కొలువులో శకుంతల ఉంగరం కోసం వేలు తడుముకుంటే అది లేదు. అప్పుడామె జింకపిల్ల కథ చెప్పింది. ఆ పిల్ల రాజు చేతి నీళ్ళు త్రాగక తన చేతి నీళ్ళు త్రాగిన సంగతి గుర్తుచేసింది. ఫలితం లేకపోయింది. అక్కడ మాట ఉంది, వస్తువు లేదు. ఈ రెండు కావ్యాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఆనవాలు అంటే ఏమిటో తేటపడుతుంది. వస్తువూ మాటా రెండూ కలిస్తేనే ఆనవాలు. ముప్పయి అయిదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఈ సంగతి తలుపులు కోస్తున్నప్పుడు తట్టింది.

మన ఆడవాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు. పెళ్ళికి ఇచ్చే ఇత్తడి, స్టీలు సామానుమీద పేర్లు చెక్కించే అలవాటు చూడండి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎవరి జ్ఞాపకార్థం అన్నది గిన్నె అంచునే ఉంటుంది. దానిని మనం నాగరికత లేని పనిగా చూసి నవ్వుకున్నాం. ఆ గిన్నె చేతులు మారినా పేరు చెబుతూనే ఉంటుంది.

మా గూడులో రెండో వరుసలో ఒక ఇత్తడి చెంబు ఉంది. 1977 నవంబరు 19నాటి ఉప్పెన మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. వేలమంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. మా ఇల్లు మెరకమీద ఉండడంవల్ల నిలిచింది. నీళ్ళు తీశాక మా దొడ్డి వెనుక కాలువగట్టున ఈ చెంబు బురదలో కూరుకుని కనబడింది. అడుగున క. సు. అని రెండు అక్షరాలు ఉన్నాయి. మా అమ్మ దానిని తోమి లోపల పెట్టింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు, ఊరికి వచ్చిన ప్రతి క్రొత్తమనిషినీ మీ ఇంటిపేరేమిటని అడిగేది. పండుగకు అన్ని చెంబులతోపాటు దాన్నీ తోమేది. కానీ ఒక్కసారి కూడా దానితో నీళ్ళు ముంచలేదు. చిన్నతనపు దుడుకుతో నేను ఒకసారి ముంచబోతే, "అది మనది కాదురా, మన దగ్గర ఉన్నది" అన్నది. అమ్మ పోయాక నేను ఆ మాట తలచుకోవడమే కాని, ఎవరినీ అడగలేదు.

దాని చీటీ ఇలా వ్రాశాను: "ఈ చెంబు మాది కాదు. 1977 ఉప్పెన తరువాత దొరికినది. అడుగున క. సు. అని ఉన్నది. సొంతదారుల వారు ఎవరైనా వస్తే ఇచ్చివేయవలెను." నా తరువాత ఈ గూడు ఎవరి ఇంటికి చేరినా ఈ చివరి వాక్యం వారికి ఆజ్ఞ.

మూడో వరుసలో చివరి గదిలో ఉన్నది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

మా ఆవిడకు ఒక రేకు బిస్కట్ల డబ్బా ఉండేది. సూదులు, దారపు ఉండలు, బొత్తాలు, పాత రసీదులు అందులో ఉండేవి. ఆమె పోయిన తరువాత ఏడాదికి గాని దాని మూత తీయలేకపోయాను. అడుగున, మూటకట్టిన పాత చీరపేలికలో ఒక ఆకుపచ్చ గాజుముక్క ఉంది. దాని చుట్టూ ఎర్రదారం జాగ్రత్తగా చుట్టి ముడివేసి ఉంది. ముడి మీద ముడి, మూడు ముడులు.

అది ఏమిటో నాకు తెలియదు. మా మరదలిని అడిగాను. "ఏమో బావగారూ, అక్క ఎప్పుడూ చెప్పలేదు" అన్నది. చిన్ననాటి స్నేహితురాలు ఒకామె ఉంటే కబురుచేశాను, ఆమెకూ తెలియదు. మొదటి కాన్పులో పోయిన బిడ్డకు సంబంధించినదా, వాళ్ళమ్మగారి చేతి గాజా, లేక ఏ తిరునాళ్ళలోనో కొనుక్కున్నదా? ముప్పయి ఎనిమిదేళ్ళు ఒకే కప్పు క్రింద ఉన్నాం. ఆ డబ్బా రోజూ నా కళ్ళెదుట ఉండేది. అందులో ఏముందని నేను ఒక్కనాడు అడగలేదు. వేలమంది పిల్లలచేత పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పించినవాణ్ణి, నా ఇంటిలోని ఒక్క పదానికి అర్థం అడిగి తెలుసుకోలేదు.

అందుకే చీటీ చీటీ అని ఇంత పట్టుబడుతున్నాను. మీ ఇంటిలో పెద్దవారు ఉంటే ఇవాళే వారి పెట్టె దగ్గర కూర్చోండి. ఒక్కొక్కటి తీసి ఇదేమిటని అడగండి. వారు విసుక్కుంటారు, "ఏముంది, పాత చెత్త" అంటారు. వదలకండి.

చీటీ వ్రాయడంలోనూ ఒక పద్ధతి ఉంది. బాల్‌పెన్నుతో వ్రాస్తే కొన్నేళ్ళకు వెలిసిపోవచ్చు, తేమకు అలుక్కుపోవచ్చు. పెన్సిలుతో వ్రాయండి. పెన్సిలు ముక్క సీసం కాదు, గ్రాఫైటు, అనగా బొగ్గు జాతిది. అది వెలతురుకు వెలిసిపోదు. మన పూర్వులు తాటాకును పసుపునీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, గంటంతో గీకి, ఆ గీతల్లోకి మసి రుద్దేవారు. మసి కూడా బొగ్గు జాతిదే. తాటాకు మీది అక్షరం వందల ఏళ్ళు నల్లగా నిలిచిన రహస్యం అది. అలాగే గదుల్లో పాత వార్తాపత్రిక పరచడం మానండి. ఆ కాగితంలోని ఆమ్లగుణంవల్ల అది పసుపుపచ్చబడి, తన మీద ఉన్నదాన్ని కూడా పాడుచేస్తుంది. ఉతికి ఆరేసిన తెల్లని నూలుగుడ్డ చాలు.

వెలుతురు మరొక శత్రువు. రంగుమీద వెలుతురు చేసిన చెరుపు తిరిగి బాగుపడదు, రోజు రోజుకూ కూడుతూ పోతుంది. మా ఆవిడ బొమ్మలకొలువులో పెట్టే కొండపల్లి అంబారీ ఏనుగు యాభై ఏళ్ళ తరువాత కూడా ఎర్రగా ఉందంటే కారణం, అది ఏడాదికి మూడు నాలుగు రోజులే వెలుగు చూసింది. సంక్రాంతికి మెట్లమీద కూర్చుని, పేరంటం కాగానే పాతచీరలో చుట్టుకుని అటకెక్కేది. ప్రదర్శనకు కాలపరిమితి పెట్టడంలో మన ఆడవాళ్ళ తెలివి మ్యూజియం వారి తెలివికి తీసిపోదు. నేను గూడును కిటికీకి ఎదురుగా కాక ప్రక్కగోడకు పెట్టి, అద్దాలమీద ఒక తెర వ్రేలాడదీశాను. చూడాలనుకున్నప్పుడే తెర తొలగుతుంది. ఇప్పుడు చెప్పండి, ఇది షోకేసు ఎలా అవుతుంది?

కొందరు మిత్రులు వేసిన ప్రశ్నలకు జవాబు చెప్పి ముగిస్తాను.

ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకుంటే చాలదా అన్నారు. తీయండి, నేనూ తీశాను. వరద వచ్చినా అగ్ని వచ్చినా ఫోటో మిగులుతుంది. కానీ ఫోటోకు బరువు లేదు. మా ముత్తాత గంటాన్ని పట్టుకుంటే బొటనవ్రేలు ఆనే చోట అరిగిన పల్లం తెలుస్తుంది. ఆ పల్లం ఫోటోలో కనబడవచ్చు, అందదు.

ఈ వయస్సులో వైరాగ్యం అలవరచుకోవాలి కాని వస్తువులమీద మమకారమా అన్నారు ఒక పెద్దమనిషి. ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు బాధించింది. ఆలోచించగా నాకు తోచినది ఇది. ఇరవై పెట్టెల సామాను పంచిపెట్టి పన్నెండు గదులకు కుదించుకున్నాను. ఇది వైరాగ్యానికి దూరం జరగడం కాదు. పైగా ఆ పన్నెండింటిలో ఒకటి నాది కానే కాదు, ఒకదాని అర్థమే నాకు తెలియదు. ఇక మమకారానికి మిగిలినదెంత?

మీ తరువాత ఎవరికి కావాలి ఇవన్నీ అన్నది మూడో ప్రశ్న. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక సంగతి మాత్రం చెబుతాను.

2024 డిసెంబరులో మా అబ్బాయి కుటుంబంతో వచ్చాడు. మనుమరాలికి తొమ్మిదేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది. వారాంతపు తరగతిలో అక్షరాలు నేర్చుకుంటున్నది, ఒత్తులు ఇంకా రావు. చీటీలు ఇంగ్లీషులో కూడా వ్రాస్తే దానికి సౌకర్యంగా ఉంటుందని అబ్బాయి అన్నాడు. నేను తలూపాను కాని వ్రాయలేదు. ఒక మధ్యాహ్నం అది తెర తొలగించి, వేలుపెట్టి కూడబలుక్కుంటూ చీటీలు చదవడం మొదలుపెట్టింది. మొదటి గదిలో "గంటం" అని ఉంటే చివరి సున్న వదిలేసి "గంట" అని చదివింది. "తాతయ్యా, ఇది మోగదేం?" అని అడిగింది. ఒక్క సున్న పోతే ముత్తాత చేతి గంటం గుడిగంట అయిపోయింది. నేను నవ్వి, సున్న సంగతి చెప్పి, ఒక తాటాకు ముక్కమీద గీకి చూపించాను.

అలా ఒక్కొక్క గదే చదువుకుంటూ మూడో వరుస చివరికి వచ్చింది. అక్కడ గాజుముక్క ముందు నేను పెట్టిన చీటీ ఖాళీగా ఉంది. ఏం వ్రాయాలో తెలియక, వ్రాయకుండా ఉండలేక, ఖాళీ చీటీ పెట్టాను.

"దీనికేం రాయలేదేం?"

"తెలియదమ్మా. అది మీ నానమ్మది. ఎందుకు దాచుకున్నదో నేను అడగలేదు."

అది కొంచెంసేపు ఆలోచించింది. "అయితే తెలియదని రాయాలి కదా" అన్నది. నా చేతిలో పెన్సిలు తీసుకుని, నేలమీద బోర్లా పడుకుని, నాలుక పంటితో పట్టుకుని వ్రాసింది. "నానమది. ఎందుకో తెలీదు." నానమ్మకు ఒత్తు పడలేదు. తెలియదు అనవలసినచోట తెలీదు అన్నది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల పుస్తకాల్లో ఎర్రసిరాతో దిద్దానో ఆ తప్పులు. ఆ చీటీని మాత్రం దిద్దలేదు, అలాగే ఉంచాను.

మీ ఇళ్ళలో ఉన్న ఆనవాళ్ళ సంగతి, వాటికి మీరు వ్రాసుకున్న చీటీల సంగతి నాకు తెలియజేయండి. తెలియని వాటి సంగతి మరీ తప్పకుండా.

ఉంటాను మరి.